రాష్ట్రకోశము: అధికార విభాగ చరిత్రమున నొక భాగము

రాష్ట్రశబ్దమునకు తెనుగున నొక యర్థమును, హిందీయందు మఱియొక యర్థమును నేడు రూఢములై యున్నవి. మనము రాష్ట్రమన్నచో దేశమునందలి యొక విభాగము. హిందీవారికి రాష్ట్రమన దేశమంతయును. అందువలననే భారతదేశమునకంతకును అధిపతియైనవారికి రాష్ట్రపతి యను పేరు చెల్లినది. మన రాష్ట్రముల పక్షమున సభ్యులు కూర్చుండు సభకు రాజ్యసభ యను పేరు వచ్చినది. ఈ పదములు పిల్లలకు తికమక కలిగించుట పాఠముచెప్పు వారెల్లరు నెఱిగినదే. పూర్వుల వ్యవహారమున నిట్టి చిక్కు లేదు. మనువు రాజ్యమునకు చెప్పిన యేడంగములలో రాష్ట్రమొకటి. కౌటిల్యు డాస్థానమున జనపదమును చెప్పెను. ఇరువురును కోశమును దానినుండి వేఱుచేసి ప్రత్యేకాంగముగ నెన్నిరి. రాష్ట్రమొకచోటను కోశమొకచోటను ఉన్నపు డేమగునో, అనగా పనులు చేయవలసిన ప్రభుత్వమొకటియు ధనముగల ప్రభుత్వము వేఱొకటియు నైనపు డేమగునో, యను విషయ మీ వ్యాసమున విచారింపబడుచున్నది.

అధికార విభాగమనగనే మనవారు రాజ్యాంగము ఏడవ షెడ్యూలునందలి మూడు జాబితాలను చూపుదురు. 1950 లో కేంద్రజాబితాయందు 97, రాష్ట్రజాబితాయందు 66, ఉమ్మడిజాబితాయందు 47 అంశము లుండెను. ఈ సంఖ్యలు పరీక్షలకు వచ్చు విద్యార్థులకు కంఠస్థములే. కాని విద్య రాష్ట్రమునకు చెందినదని వ్రాసినంతమాత్రమున బడి కట్టబడదు. ఆరోగ్యము రాష్ట్రమునకు చెందినదన్నంతమాత్రమున ఆసుపత్రికి మందు రాదు. జాబితా యధికారమునకు పేరుపెట్టును. ఆ యధికారమును నడపునది కోశము. ఈ మాట చెన్నపురి రాజధానికి పట్టిన యనుభవమువలె మఱి యే రాష్ట్రచరిత్రము చేతను స్పష్టపడదు. మన సర్కారుజిల్లాలును దత్తమండలమును ఆ రాజధానిలోనివే గనుక ఈ కథ మనది. నిజాము రాజ్యమునందలి తెలుగు జిల్లాల కథ వేఱు. అచట నాణెమును తపాలాయును సుంకములును నిజాము ప్రభుత్వమువే యగుటచే, 1950 వఱకు ఆ భాగ మీ పంపకమునకు వెలుపల నుండెను.

1833 సంవత్సరపు శాసనము చెన్నపురి, బొంబాయి గవర్నరులకు గల శాసననిర్మాణాధికారమును తొలగించెను. అంతేకాదు: క్రొత్త యుద్యోగమొకటి కల్పింపవలెనన్నను, ఒకరికి జీతముగాని బహుమానముగాని మంజూరు చేయవలెనన్నను, కలకత్తానుండి గవర్నరు జనరలు సభయొక్క అనుమతిని ముందుగ పొందవలెను. శిస్తు వసూలుచేయు కలెక్టరు చెన్నపురి ప్రభుత్వమువాడు. వసూలైన సొమ్ముమాత్రము వారిది కాదు. 1861 లో శాసననిర్మాణాధికారము కొంత తిరిగివచ్చెను గాని బొక్కసపు తాళము తిరిగిరాలేదు. రిచర్డు స్ట్రేచీ యానాటి స్థితిని పెనుగులాటతో పోల్చెను. గట్టిగ నఱచిన రాష్ట్రమునకు హెచ్చుధనము దొరకెడిది. పొదుపు చేసినవారికి ఆ పొదుపువలన లాభ మేమియు లేకుండెడిది.

1870 డిసెంబరు 14వ తేదీని మేయోప్రభువు చేసిన తీర్మానము మొదటి మార్పు. చెఱసాలలు, రక్షకభటులు, విద్య, వైద్యము, రిజిస్ట్రేషను, రోడ్లు, భవనములు మొదలగు శాఖల ఖర్చు రాష్ట్రముల కప్పగింపబడి, ఏటేట నొక నియతమైన మొత్తము వారికీయబడెను. 1877 లో కొన్ని యాదాయములు కూడ చేర్చబడెను. 1882 లో రిప్పనుప్రభువు కాలమున ఆదాయములు మూడు తెగలయ్యెను: కేంద్రమువి, రాష్ట్రమువి, ఉభయులును పంచుకొనునవి. భూమిశిస్తు ఈ మూడవ తెగలోనిది. అయిదేండ్ల కొకమాఱు పంపకమును సవరించెడివారు. సవరణకాలమున మిగులు పైవారి పాలగునని తెలిసి, గడువు ముగియుచున్న యేట రాష్ట్రములు చేతిలోని ధనమును తొందరగ వ్యయపెట్టు నలవాటు కలిగెను. నేటి కార్యాలయములలో మార్చినెల ఖర్చులను చూచినవారి కిది క్రొత్తగ తోపదు. 1904 లో ఈ పంపకము ఇంచుమించు స్థిరమును, 1912 లో స్థిరమును చేయబడెను.

ఇంతవఱకును దాత దాతయే, గ్రహీత గ్రహీతయే. 1919 సంవత్సరపు శాసనముతో ఈ సంబంధము తలక్రిందులయ్యెను. ఉభయులును పంచుకొను తెగ రద్దయ్యెను. భూమిశిస్తు, అబ్కారీ, స్టాంపులు, నీటిపారుదల రాష్ట్రములకు వచ్చెను. దిగుమతి యెగుమతి సుంకములు, ఆదాయపుపన్ను, ఉప్పు, నల్లమందు, రైళ్లు, తపాలా కేంద్రమునకు పోయెను. ఇట్లు పంచగా కేంద్రమునకు 983 లక్షల రూపాయల లోటు తేలెను. ఆ లోటును రాష్ట్రములు పూడ్చవలెనని నిర్ణయమయ్యెను. ఎవరెంత యీయవలెనో నిర్ణయించుటకు 1920 లో మెస్టనుప్రభు వధ్యక్షుడుగా నొక సంఘ మేర్పడెను. ఆ సంఘము వేసిన లెక్క యిది: చెన్నపురి 348 లక్షలు, సంయుక్తరాష్ట్రములు 240, పంజాబు 175, బర్మా 64, వంగరాష్ట్రము 63, బొంబాయి 56, మధ్యరాష్ట్రములు 22, అస్సాము 15. బీహారు-ఒరిస్సా యేమియు నీయనక్కఱలేదు. మొత్తములో మూడవవంతునకు మించిన భార మొక్క చెన్నపురిపై పడెను.

ఈ లెక్క యెట్లు వచ్చినది? క్రొత్త పంపకమువలన నే రాష్ట్రమునకెంత యదనపు ధనము చేతికివచ్చునో సంఘమువారు గణించిరి. చెన్నపురికి 576 లక్షలు, వంగమునకు 104, బొంబాయికి 93. ఎవరికెక్కువ వచ్చెనో వారివద్ద నెక్కువ తీసికొనవలెనని వారి యూహ. చెన్నపురినుండి 348 లక్షలు తీసికొన్నను 228 లక్షలు మిగులును గదా యని సమాధానము. పైకి న్యాయముగనే తోచును. కాని చెన్నపురికి 576 లక్షలు ఎచటనుండి వచ్చినవో విచారింపవలెను. వంగరాష్ట్రమున 1793 లో కారన్వాలిసు చేసిన శాశ్వత పైసలాచేత భూమిశిస్తు నాటికే బిగిసిపోయినది. మన రాజధానిలో కొన్ని జమీందారీలు తప్ప మిగిలినదెల్ల రైత్వారీ. ముప్పదియేండ్ల కొకమాఱు రీసెటిల్మెంటు జరిగి శిస్తు పెరుగుచుండును. ఇంతకుముందు కేంద్రము అందు పాలు తీసికొనుచుండెను. ఇపుడా పాలు రాష్ట్రమునకు విడిచి, విడిచితిమను పేరుతో మరల తీసికొనిరి. అనగా రైతు నాగటిచాలు నుండి వచ్చిన ధనమే యిటుపోయి అటుపోయి ఢిల్లీ చేరినది.

వంగ, బొంబాయి రాష్ట్రములవారు మాత్రము సంతోషించిరా? లేదు. కలకత్తా, బొంబాయి రేవులందును మిల్లులందును పుట్టిన ఆదాయపుపన్నును సుంకములును కేంద్రము తీసికొనెను. తమకు పెరుగుదలలేని యాదాయములు మిగిలినవని వారి యాక్రోశము. ఆ మాటయు నిజమే. వంగమునకు 1922 నుండి మూడేండ్లు చెల్లింపు మాఫీ చేయవలసివచ్చెను. ఒకే సూత్రము చెన్నపురి రైతును పీడించుచు, కలకత్తా ప్రభుత్వమును లోటులో ముంచినది. కారన్వాలిసును మన్రోయును తమ కాలమున భూమిని గూర్చి చేసిన యేర్పాటులు శతాబ్దమునకు పిమ్మట కేంద్ర రాష్ట్రముల తగవును నిర్ణయించినవని చెప్పవచ్చును. రాజ్యాంగశాస్త్రము చదువువారు శిస్తుచరిత్రము చదువకుండుట మన పాఠ్యక్రమములయందలి లోపము.

ఇందొక విశేషము కలదు. న్యాయమైన ప్రమాణమునుబట్టి చెన్నపురి భాగము నూటికి 17 మాత్రమే యని మెస్టను సంఘమే యొప్పుకొనెను. ఏడేండ్లలో క్రమముగ ఆ ప్రమాణమునకు చేరవలెనని సూచించెను. చెన్నపురిది 17 కు దిగవలెనన్నచో వంగముది 19 కి, బొంబాయిది 13 కి పెరుగవలెను. ఏ రాష్ట్రపు చెల్లింపును హెచ్చింపరాదని పార్లమెంటు ఉభయసంఘము నిర్ణయించుటచే ఆ క్రమము మూలబడెను.

ఈ భారము మోయుచునే చెన్నపురిలో ద్వంద్వప్రభుత్వ మారంభమయ్యెను. 1920 డిసెంబరులో సుబ్బరాయలు రెడ్డియారు ముఖ్యమంత్రియయ్యెను. 1921 లో పానుగంటి రామారాయణింగారు, అనగా పానగల్లు రాజాగారు, ఆ పదవికి వచ్చిరి. విద్య, వైద్యము, స్థానికస్వపరిపాలనము, వ్యవసాయము, పరిశ్రమలు మంత్రులవి. ఆర్థికశాఖ, భూమిశిస్తు, నీటిపారుదల, రక్షకభటశాఖ గవర్నరుయొక్క కార్యనిర్వాహక సభ్యులవి. ధనము కావలసిన శాఖలన్నియు నొకవైపు, ధనమును మంజూరు చేయు శాఖ మఱొకవైపు. కేంద్ర రాష్ట్రముల నడుమనున్న విభాగమే రాష్ట్రములోపల మరల చిన్నరూపమున వెలసినది.

ఈ స్థితిని కూర్మా వేంకటరెడ్డి నాయుడుగారి సాక్ష్యముకంటె బాగుగ వర్ణించిన గ్రంథము లేదు. వారు 1920 నుండి 1923 వఱకు అభివృద్ధిశాఖ మంత్రి. 1924 లో ముడ్డిమాను సంఘమునెదుట తమ యధికారమును గూర్చి చెప్పిన దాని సారమిది: తాము అభివృద్ధిమంత్రులు, అడవులుమాత్రము తమవి కావు, వ్యవసాయమంత్రులు, నీటిపారుదల తమది కాదు, పరిశ్రమల మంత్రులు, కర్మాగారములు, విద్యుచ్ఛక్తి, గనులు, కార్మికులు తమ చేతిలో లేవు. ఇది చమత్కారముగ కనబడును గాని ఆనాటి విభజన పట్టికను ముందుంచుకొని చూచిన నొక్క మాటయు నతిశయోక్తి గాదు. వ్యవసాయమును నీటినుండి విడదీయుట గోదావరి కృష్ణా మండలములవారికి నవ్వుపుట్టించు విషయము. కాటను ఆనకట్టకు పిమ్మట అచట నీరును సేద్యమును ఒక్కటే పదము. ఈ నాయుడుగారే తరువాత 1936 లో చెన్నపురికి తాత్కాలిక గవర్నరుగను, 1937 లో కొన్నినెలలు ముఖ్యమంత్రిగను ఉండిరి.

మెస్టను చెల్లింపులు క్రమముగ తగ్గింపబడి, 1927 లో నిలుపబడి, మరుసటి యేట పూర్తిగ రద్దయ్యెను. 1935 శాసనము జాబితాలను మూడుగ చేసెను. నేటి రాజ్యాంగమున కది మాతృక. 1936 లో సర్ ఆటో నీమియరు చేసిన నిర్ణయముచే ఆదాయపుపన్నులో సగము రాష్ట్రముల కీయబడెను. ఆ సగములో బొంబాయికిని వంగమునకును నూటికి 20 చొప్పునను, చెన్నపురికి 15 ను వచ్చినవి. జనుము పండు రాష్ట్రములకు ఎగుమతిసుంకములో 62½ పాళ్లు. ఆ యేడే ఏప్రిలు 1వ తేదీని గంజాము మండలపు పెద్ద భాగమును కలుపుకొని యేర్పడిన ఒరిస్సాకు ఏటేట 40 లక్షల సహాయము లభించెను. లోటుగల ప్రదేశము రాష్ట్రము కాజాలదను వాద మంతటితో కొట్టుపడినట్లే. అయినను 1953 లో ఆంధ్రరాష్ట్ర మేర్పడుటకు ముందు న్యాయమూర్తి వాంఛూ గారు ప్రధానముగ పరిశీలింపవలసివచ్చినది ఆదాయవ్యయములనే.

ఇక 1937 తరువాతి కథకు కొంచెము విస్తరము కావలెను. ఆ యేడు జూలైలో రాజగోపాలాచార్యులవారి మంత్రివర్గము వచ్చెను. అక్టోబరు 1 నుండి సేలములోను, 1938 లో చిత్తూరు, కడప మండలములందును మద్యనిషేధము అమలయ్యెను. రాష్ట్రమున భూమిశిస్తు తరువాత పెద్దయాదాయము అబ్కారీయే. దానిని వదలుకొన్నచో పాఠశాలల కేమిచేయవలెను? కేంద్రము నడిగిన రాదు. శిస్తు పెంచుట కాంగ్రెసు మంత్రివర్గమునకు సాధ్యము గాదు. అపుడు వారు రాష్ట్రజాబితాను వెదకి, అందు సరకుల అమ్మకముపై పన్నువేయు నధికార ముండుట కనుగొనిరి. 1939 లో చెన్నపురి సామాన్యపు అమ్మకపుపన్ను శాసనము పుట్టినది ఇట్లు. దేశమున అన్ని సరకులకును సామాన్యముగ వర్తించు అమ్మకపుపన్ను లలో నిదియే మొదటిది.

పన్ను పుట్టినతోడనే తగవు పుట్టెను. బొడ్డు పైదన్న అండ్ సన్సు అను వ్యాపారసంస్థ వేరుసెనగ నూనెను, చెక్కను తయారుచేసి అమ్ముచుండెను. తయారుచేసినవాడే చేయు మొదటి యమ్మకముపై పన్నువేసిన నది యుత్పత్తిపై వేసిన ఎక్సైజు సుంకమే యగును, ఎక్సైజు కేంద్రజాబితాలోనిది, కావున రాష్ట్రమునకు హక్కులేదని వారి వాదము. 1942 లో ఫెడరలుకోర్టు ఈ వాదమును త్రోసిపుచ్చెను. గానుగనుండి నూనె దిగినతోడనే పడునది ఎక్సైజు. ఆ నూనె నమ్మినపుడుమాత్రమే పడునది అమ్మకపుపన్ను. అమ్మక ఇంటనే వాడుకొన్న నూనెకు మొదటిది కలదు, రెండవది లేదు. సరకొక్కటియే యైనను పన్నునకు నిమిత్తములు వేఱు. తర్కశాస్త్రము చదివిన మన పండితులకు ఈ తీర్పునందలి యుపాధిభేదము చక్కగ బోధపడును. గవర్నరు జనరలు సభవారే స్వయముగ చెన్నపురి రాష్ట్రముపై ప్రివీకౌన్సిలువఱకును పోయిరి. 1945 లో అచటను రాష్ట్రమే గెలిచెను. జాబితాలోని నాలుగు మాటలు నిజమైన యధికారముగ పరిణమించుటకు ఒక ప్రభుత్వము తెగించి పన్నువేయుటయు, న్యాయస్థానము దానిని నిలువబెట్టుటయు నవసరమైనవి. తరువాత నించుమించుగ నన్ని రాష్ట్రములును చెన్నపురి దారి పట్టినవి.

1950 నాటి రాజ్యాంగము ఈ యధికారమును రాష్ట్రజాబితా 54వ యంశముగ నుంచెను. 280వ అధికరణముచే ఆర్థికసంఘ మేర్పడెను. 1951 లో నియోగీ గా రధ్యక్షులైన మొదటి సంఘము ఆదాయపుపన్నులో నూటికి 55 పాళ్లు రాష్ట్రములకు పంచవలెనని చెప్పెను. మెస్టనువలె ఒకమాఱు లెక్కవేసి విడిచిపెట్టక, అయిదేండ్లకొకమాఱు పునర్విచారణ చేయుట గొప్ప మేలు. కాని అదే 1950 లో మంత్రివర్గ తీర్మానమాత్రముచే పుట్టిన ప్రణాళికాసంఘము, రాజ్యాంగమునం దెచటను పేరు లేకయే, రాష్ట్రములకు వేఱొక మార్గమున ధనము పంచుచు 2014 వఱకు నిలిచెను. ఆ ధనముతో నిబంధనలు వచ్చెడివి. రాష్ట్రజాబితాలోని వ్యవసాయము, ఆరోగ్యము మొదలగు విషయములలో ఢిల్లీయందు పథకము తయారగుటయు, రాష్ట్రము తనపాలు ధనము కలిపి దానిని నడపుటయు ఇట్లు వాడుకయయ్యెను. 1976 లో 42వ సవరణము అడవులను విద్యను ఉమ్మడిజాబితాలోనికి మార్చెను. అడవులు లేని యభివృద్ధిని గూర్చి చెప్పిన నాయుడుగారి సాక్ష్యము అప్పటికి అర్ధశతాబ్దమునకు పైబడి పాతది.

2000 లో 80వ సవరణముచే కేంద్రము వసూలుచేయు పన్నులన్నిటిలోను రాష్ట్రములకు భాగము కలిగెను. యాగా వేణుగోపాలరెడ్డిగా రధ్యక్షులైన పదునాలుగవ ఆర్థికసంఘ మా భాగమును నూటికి 42 చేసెను; పదునైదవది 41 చేసెను. ఇందును చూడవలసిన లోపలి లెక్క యొకటి కలదు. సెస్సులును సర్చార్జీలును ఈ పంపకములోనికి రావు; కేంద్రము పన్ను పెంచక సెస్సు పెంచినచో ఆ ధన మంతయు తనదే. రాష్ట్రముల నడుమ పంపకమున పదునైదవ సంఘమువఱకు మన భాగము కూడ తగ్గుచు వచ్చెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశమునకు పదుమూడవ సంఘ మిచ్చినది నూటికి 6.937. పదునైదవ సంఘము ఆంధ్రప్రదేశమునకు 4.047, తెలంగాణమునకు 2.102 ఇచ్చెను, రెండును కలిపి 6.149. జనసంఖ్య పెరుగుదలను అదుపుచేసిన దక్షిణరాష్ట్రములు 1971 జనసంఖ్యకు బదులు 2011 జనసంఖ్యను ప్రమాణముగ కొనుటచే నష్టపడితిమని చెప్పుట నిరాధారము గాదు. బీదరాష్ట్రములకు హెచ్చు భాగ మీయవలెనను ధర్మమును త్రోసివేయుటయు తగదు. మెస్టనునాటి చెన్నపురి వంగముల వివాదమునందువలెనే ఇచటను ఇరుపక్షముల మాటలోను సత్యము కలదు.

2016 లో 101వ సవరణము జరిగి, 2017 జూలై 1 నుండి వస్తుసేవల పన్ను అమలునకు వచ్చెను. ఎక్సైజునకును అమ్మకపుపన్నునకును నడుమ ఫెడరలుకోర్టు గీచిన గీటు దీనితో చాలవఱకు చెఱిగిపోయెను. ఇపుడు రేట్లను సూచించునది ఒక మండలి. అందు కేంద్రము వోటునకు మూడవవంతు విలువ, రాష్ట్రములన్నిటి వోట్లకును కలిపి మూడింట రెండువంతుల విలువ; తీర్మానము నెగ్గుటకు నాలుగింట మూడువంతులు కావలెను. కావున రాష్ట్రము లన్నియు నొక్కటైనను కేంద్రము లేనిదే తీర్మానము నెగ్గదు. కేంద్రమునకును రాష్ట్రములలో చాలవాని తోడు కావలెను. మండలి సూచనలు శాసనసభలను బంధింపవని 2022 లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఆ స్వాతంత్ర్యమును వాడుకొని వేఱు రేటు పెట్టిన రాష్ట్రము వ్యాపారులను పొరుగునకు పోగొట్టుకొనును గనుక, దానిని వాడుకొనుట సులభము గాదు.

54వ అంశ మింకను రాష్ట్రజాబితాలో నున్నది. పైదన్నవారి నూనె దానినుండి తొలగినది. ఇపుడందు మిగిలినవి ముడిచమురు, పెట్రోలు, డీసెలు, విమానములకు వాడు ఇంధనము, సహజవాయువు, వానితో పాటు మానవులు త్రాగు మద్యము. మద్యపు టాదాయమును వదలుకొనుటకై 1939 లో పుట్టిన పన్నునకు నేడు నిలిచియున్న ఆధారములలో మద్యమొకటి. ఆంధ్రప్రదేశము 1995 లో మద్యనిషేధమును తెచ్చి, బొక్కసము తాళలేక 1997 లో సడలించినపుడు, రాజగోపాలాచార్యులవారివలె జాబితా వెదకి మఱియొక పన్నును కనుగొనుట కందు చోటు మిగిలియుండలేదు.